వెలగని ఎర్రలైటు

నా పేరు విజయలక్ష్మి. అష్టలక్ష్ముల్లో ఒకరి పేరు తగిలించుకున్నాను గానీ, పక్కనే ఉండాల్సిన ధైర్యలక్ష్మి మాత్రం నా దరిదాపులకి ఎప్పుడూ రాలేదు. భయం నా వృత్తి కాదు, ప్రవృత్తి. అలాంటిదాన్ని మిషిగన్‌లో, ఫార్మింగ్టన్ హిల్స్‌కి దగ్గర్లో, ఒక చిన్న కార్ల షెడ్డులో పదమూడేళ్లు డాష్‌బోర్డుల వెనక చేతులు పెట్టి బతికాను. రెండువేల ఒకటిలో చేరాను, పధ్నాలుగులో మానేశాను.

ఈమధ్య మనవాళ్ల పిల్లలు ఒకరిద్దరు కోడింగ్ మీద విసుగొచ్చి ఆటో ఎలక్ట్రికల్ కోర్సుల్లో చేరారట. "ఆంటీ, ఆ పని అసలు ఎలా ఉంటుంది?" అని ఫోన్లు చేస్తున్నారు. ఎలా ఉంటుందంటే, ఎక్కువభాగం భయంగా ఉంటుంది. ఆ సంగతి కాలేజీలో చెప్పరు కాబట్టి నేను రాస్తున్నాను.

చెయ్యి పట్టింది

మెకానిక్ అవుదామని నేను అమెరికా రాలేదు. మా ఆయన కార్ల విడిభాగాలు చేసే చోట ఇంజినీరు. నాకు ఇక్కడ పని చేసే అనుమతి వచ్చేసరికి నలభై దాటాయి. గుంటూరులో చదివిన బీఎస్సీ ఫిజిక్స్‌ని ఎవరూ ఖాతరు చెయ్యలేదు. కమ్యూనిటీ కాలేజీలో ఎక్కడ ఖాళీ ఉందంటే ఆటో ఎలక్ట్రికల్‌లో ఉందన్నారు. వెళ్లి కూర్చున్నాను. మొదటిరోజు పక్క బెంచీ కుర్రాడు నన్ను టీచర్ అనుకుని సిలబస్ అడిగాడు. నాకూ అదే కావాలని చెప్పాను.

షెడ్డు ఓనరు వాల్ట్ నన్ను పనిలోకి తీసుకున్నది నా మార్కులు చూసి కాదు, మణికట్టు చూసి. ఆయన చేతులు ఒక్కొక్కటీ దిబ్బరొట్టెంత ఉండేవి. డాష్‌బోర్డు వెనక సందులోకి అవి దూరేవి కావు. నా చెయ్యి పెట్టి చూడమన్నాడు. చెయ్యి పట్టింది, దాంతో ఉద్యోగం కూడా పట్టింది.

చేరిన కొత్తలోనే బంగారు గాజులతో ఆ సందులో చెయ్యి పెట్టాను. బ్యాటరీ వైరు ఊడదీయడం మరిచిపోయాను. బంగారం మంచి కండక్టర్ అని ఫిజిక్స్‌లో చదువుకున్నదాన్ని, ఆ రోజు మణికట్టు మీద మళ్లీ చదువుకున్నాను. టప్ మని నిప్పురవ్వ లేచింది. చర్మం మీద గాజు వెడల్పున మచ్చ పడింది, ఇప్పటికీ ఉంది. వాల్ట్ ఒక ఖాళీ కాఫీ కప్పు తెచ్చి నా ముందు పెట్టాడు, గాజులు అందులో వెయ్యమని. మీటర్ల మీద గాజు తియ్యాలంటే ముందు చేతి గాజులు తియ్యాలన్నమాట. పుస్తెలతాడు చొక్కా లోపలికి దోపి పిన్నీసు పెట్టుకునేదాన్ని. అమ్మాయిలెవరైనా ఈ పనిలోకి వస్తుంటే ఇది గుర్తుపెట్టుకోండి. అబ్బాయిలూ, కడియాలూ మొలతాళ్లూ మీకూ ఉన్నాయి.

అప్పడంతో ఆపరేషన్

పాత కార్లలో డాష్‌బోర్డు మీద ఎర్రలైట్లూ పసుప్పచ్చ లైట్లూ ఉంటాయి కదా, ఆయిల్‌కొకటి, బ్యాటరీకొకటి, బ్రేక్‌కొకటి. ఒక్కోదాని వెనక గోధుమగింజ కన్నా కాస్త పెద్ద బల్బు ఉంటుంది. అది మాడిపోతే మార్చాలి. వినడానికి ఇంట్లో ట్యూబ్‌లైట్ మార్చినంత సులువు. కానీ ఆ బల్బు దాకా వెళ్లాలంటే మీటర్ల చుట్టూ ఉన్న ప్లాస్టిక్ చట్రం తియ్యాలి, స్క్రూలు విప్పాలి, మీటర్ల పెట్టె మొత్తం ముందుకి లాగాలి, వెనక వైర్ల ప్లగ్గులు ఊడదియ్యాలి. పదిహేనేళ్ల కారులో ఆ ప్లాస్టిక్ అప్పడంతో సమానం. మిషిగన్ చలికాలంలో అయితే వేయించిన అప్పడం. కొంచెం గట్టిగా పట్టుకుంటే పటుక్కుమంటుంది. అందుకే చలిరోజుల్లో కారుని ముందు షెడ్డు లోపల పెట్టి, హీటరు వేసి, ప్లాస్టిక్ మెత్తబడ్డాకే ముట్టుకోమనేవాడు వాల్ట్.

పైగా స్టీరింగ్‌లో ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది. బ్యాటరీ తీసేసినా దానిలో కాసేపు కరెంటు మిగిలి ఉంటుంది, అప్పుడు కెలికితే మొహం మీదే పేలొచ్చు. ఆ కాసేపూ వెళ్లి కాఫీ తాగి రమ్మనేవాడు. నేను ఆ కాఫీ చాలా నింపాదిగా తాగేదాన్ని. వాల్ట్ కప్పు కడిగేసుకుని వచ్చి, ఇంకా ఎంతసేపని చూసేవాడు. నేను ఇంకో గుక్క తాగేదాన్ని.

బల్బుని సాకెట్టుతో సహా పావు చుట్టు తిప్పి బయటికి తీసి, కొత్తది పెట్టి, మళ్లీ అన్నీ బిగించాక అసలు పరీక్ష. తాళంచెవి తిప్పగానే ఆ లైటు వెలగాలి. ఇంజను స్టార్ట్ చేసి హ్యాండ్‌బ్రేక్ దించాక ఆరిపోవాలి. కొత్తగా చేరినవాళ్లు లైటు వెలగగానే అబ్బ అని చేతులు తుడుచుకుంటారు. అది ఆరేదాకా మీ పని అవ్వలేదు. ఆరకపోతే, ఇన్నాళ్లూ ఆ కారు ఏదో చెబుదామని చూసి నోరు పెగల్లేదని అర్థం. నాకు భయం వేసేది ఎప్పుడూ అక్కడే. బల్బు మార్చి తాళం తిప్పి, ఆరుతుందా ఆరదా అని చూసే ఆ కాసేపూ నాకు పరీక్ష రిజల్ట్స్ రోజులాగే ఉండేది, చివరి కారు దాకా.

లైటుకి భయపడేవాళ్లు

కస్టమర్లలో రెండు రకాలు చూశాను. ఎర్రలైటు వెలిగితే కారుకి ఏమైందోనని భయపడేవాళ్లు ఒక రకం. వీళ్లు ఫోన్ చేస్తారు, కారు తెస్తారు, బాగుపడతారు. కారుకి కాదు, లైటుకే భయపడేవాళ్లు రెండో రకం. వీళ్లకి లైటు ఆరితే చాలు. టేపు అంటించేవాళ్లని చూశాను, గోళ్లరంగు పూసినవాళ్లని చూశాను. పాత కార్లు అమ్మే పెద్దమనిషి ఒకడు నేరుగా వచ్చి ఫలానా బల్బు పీకేసి ఇవ్వమన్నాడు. వాల్ట్ అతన్ని కూర్చోబెట్టి మర్యాదగా కాఫీ ఇచ్చి, తాగాక బయటికి పంపించాడు. బల్బు ఇవ్వలేదు.

మనవాళ్ల కార్ల కథ ఇంకో తీరు. మన పాత కారు ఊరు దాటదు. కొత్తగా వచ్చిన స్టూడెంటు కొంటాడు, ఉద్యోగం రాగానే ఇంకో తెలుగు కుటుంబానికి ఇస్తాడు, వాళ్లకి పిల్లలు పుట్టి వ్యాను కొనుక్కోగానే మరో కొత్త జంటకి వెళ్తుంది. కారుతో పాటు డ్యాష్ మీద వినాయకుడు వెళ్తాడు, డిక్కీలో సాంబారు వాసన వెళ్తుంది, ఏసీ నాబ్‌ని కొంచెం చరిచి తిప్పాలన్న సలహా వెళ్తుంది. ఎవరికీ రసీదు, రిపేరు చరిత్ర అక్కర్లేదు. "మనవాళ్లదే కదా" అన్న ఒక్క మాట చాలు. ఆ మాట మీద నమ్మకంతో మనం కొన్నన్ని కార్లు ఇంకెవరూ కొనరు.

ఈ మాట ఎందుకు ఎత్తానంటే, నా పదమూడేళ్లలో నేను అన్నిటికన్నా ఎక్కువ భయపడిన రోజు అలాంటి కారు వల్లే వచ్చింది.

శ్రవంతి ఫోను

రెండువేల తొమ్మిది చలికాలం. శ్రవంతిది రాజమండ్రి. పెళ్లై వచ్చి ఐదారేళ్లయినా డ్రైవింగ్ కొత్త, ఆ వేసవిలోనే లైసెన్స్ వచ్చింది. నాలుగేళ్ల కొడుకు ప్రణవ్. భర్త కిరణ్ ఆఫీసుకి వాళ్ల మంచి కారు తీసుకెళ్తే, ఈ అమ్మాయికి పాత ఆకుపచ్చ సెడాన్ ఉంది. మాధవి వాళ్లు వ్యాను కొనుక్కుని వీళ్లకి ఇచ్చిన కారు అది. మాధవి వరంగల్ పిల్ల. మా గుడిలో ప్రసాదాల పని తనదే. శ్రవంతి తనని అక్కా అంటుంది, తను నన్ను విజయక్కా అంటుంది, శ్రవంతికి మాత్రం నేను ఆంటీని. వరసలు కలపబోతే నేను మాధవికి అక్కనో అత్తనో తేలదు, అలా వదిలేశాం.

ఓ సోమవారం శ్రవంతి ఫోన్ చేసింది. హ్యాండ్‌బ్రేక్ వేస్తే డ్యాష్‌లో ఎర్రలైటు రావాలని మాన్యువల్‌లో ఉందని, తనకి ఎప్పుడూ రాలేదని, కిరణ్‌ని అడిగితే బల్బు పోయి ఉంటుందిలే అన్నాడని చెప్పింది. చిన్న విషయానికి విసిగిస్తున్నానా అని అడిగింది. మాన్యువల్ చదివిన మొదటి మనిషివి నువ్వే, విసిగించమ్మా అన్నాను. ఆ పాత మోడల్‌కి సరిపడే సాకెట్టు మా దగ్గర లేదు, తెప్పించాలి. శనివారం తీసుకురమ్మన్నాను.

పాత కారు, మాడిన బల్బు, శనివారం అపాయింట్‌మెంట్. షెడ్డు బోర్డు మీద ఆ వారం రాసిన పనుల్లో అన్నిటికన్నా చిన్నది.

మాధవి నవ్వు

గురువారం మధ్యాహ్నం మాధవి తన వ్యానుకి మంచు టైర్లు వేయించుకోవడానికి వచ్చింది. వ్యానుని పైకి లేపి వాల్ట్ చక్రాలు విప్పుతున్నాడు. మాధవి నా బల్ల దగ్గర స్టూలు మీద కూర్చుని, గుళ్లో పులిహోరకి చింతపండు నానబెట్టిన సంగతి చెబుతోంది. మాటల్లో మాటగా, మీ పాత కారు ఎల్లుండి మా దగ్గరికొస్తోంది, శ్రవంతికి హ్యాండ్‌బ్రేక్ లైటు రావట్లేదట అన్నాను.

మాధవి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"అది రాదక్కా. దానికి నేను బొట్టు పెట్టిన."

నాకు మొదట అర్థం కాలేదు. అప్పుడు చెప్పింది. ఆ కారు తను నడిపే రోజుల్లో ఎర్రలైటు ఒకటి వెలిగేదట.  రోడ్డు మీద చూపు పోవడం మానేసి దాని మీదే పోయేది. భర్తని అడిగితే పాత కారు కదా, హ్యాండ్‌బ్రేక్ స్విచ్ వదులైంది, పట్టించుకోకు, చూపిద్దాంలే అన్నాడు. చూపించలేదు. మన ఆడవాళ్లం స్నానాల గది అద్దానికి పాత స్టిక్కర్ బొట్లు అంటిస్తాం చూడండి, అలాగే ఓ రోజు ట్రాఫిక్‌లో నుదుటి మీది నల్ల స్టిక్కర్ తీసి ఆ లైటు మీద అంటించేసింది. నల్లటి అద్దం మీద నల్ల చుక్క. ఎవరికీ కనిపించలేదు. తర్వాత తనూ మరిచిపోయింది. కారు అమ్మేటప్పుడు అది కూడా కారుతోనే పోయింది.

నేను నవ్వలేదు. ఒకటే అడిగాను, ఆ లైటు వచ్చి పోతుండేదా, ఎప్పుడూ వెలుగుతూనే ఉండేదా అని.

"ముందుగాల మలుపుల్ల వస్తుండె. తర్వాత్తర్వాత పోతనే లేకుండె. అందుకే గదా అంటించిన." నా ముఖం చూసి ఆగింది. "ఏందక్కా?"

చదివేవాళ్లకి ఇక్కడ ఓ ముక్క చెప్పాలి. పాత కార్లలో ఆ ఎర్రలైటుది ఒంటిచేత్తో రెండు పనులు. హ్యాండ్‌బ్రేక్ వేసినప్పుడు వెలుగుతుంది. బ్రేక్ ఆయిల్ తగ్గిపోయినా వెలుగుతుంది. కొంచెం తగ్గితే, మలుపుల్లో డబ్బాలోని ఆయిలు ఓ పక్కకి ఒరిగినప్పుడు వచ్చి పోతుంది. బాగా తగ్గిపోతే ఇక ఆరదు. ఆయిలు ఊరికే తగ్గదు. మిషిగన్‌లో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు జల్లుతారు, ఆ ఉప్పు కారు కింద బ్రేక్ గొట్టాలని తినేస్తుంది. కారు అన్నాక కారుతుందని మేము షెడ్డులో జోకులు వేసుకునేవాళ్లం. ఆ మధ్యాహ్నం ఆ జోకు నిజమై కూర్చుంది. శ్రవంతి ఆ కారు కొన్నది వేసవిలో. అప్పటినుంచి ఆ బొట్టు కింద లైటు వెలుగుతూనే ఉంది. కింద గొట్టం తుప్పు పడుతూనే ఉంది. ఆ పిల్ల కొడుకుని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని రోజూ తిరుగుతోంది.

ఫోన్ తీశాను. వాల్ట్ చక్రం కింద పెట్టి వచ్చి నా చేతి మీద చెయ్యి వేశాడు. విషయం ఏమిటని అడిగాడు. చెప్పాను. అమ్మాయి ఇప్పుడు రోడ్డు మీద ఉంటే నీ ఫోన్ మోగగానే ఒక చేత్తో వెతుక్కుంటుంది, ఎత్తి నువ్వు చెప్పింది వింటే భయంతో బ్రేక్ గట్టిగా తొక్కుతుంది, తుప్పు పట్టిన ఆ గొట్టం పగలడానికి అంతే చాలు అన్నాడు. ముందు ఆమె ఎక్కడుందో కనుక్కోమన్నాడు.

కిరణ్‌కి చేశాను. మీటింగ్‌లో ఉన్నట్టున్నాడు, గుసగుసగా మాట్లాడాడు. గురువారాలు ప్రణవ్‌ని స్కూల్ నుంచి తీసుకుని లైబ్రరీలో కథలు చెప్పే క్లాసుకి తీసుకెళ్తుందని, ఇప్పుడు దారిలో ఉంటుందని చెప్పాడు. ఎందుకు ఆంటీ అన్నాడు. నువ్వు తనకి ఫోన్ చెయ్యకు నాయనా, నేను వెళ్తున్నాను అని పెట్టేశాను. పాపం, ఆ మాటకి అతని ప్రాణం ఎలా కొట్టుకుందో తర్వాత చెప్పాడు.

టో ట్రక్కు

మాధవి వ్యాను గాల్లో ఉంది, చక్రాల్లేకుండా. వాల్ట్ ఆగిపోయిన కార్లని లాక్కొచ్చే టో ట్రక్కు తీశాడు. నేను మధ్యలో కూర్చున్నాను. తలుపు వేయబోతుంటే మాధవి కూడా ఎక్కేసింది. వద్దన్నా వినలేదు. దారంతా ఒకటే పని. చున్నీ చివర వేలికి చుట్టడం, విప్పడం, మళ్లీ చుట్టడం.

వాల్ట్ వేగంగా నడపలేదు. రోడ్డు పక్కన కాలవలు చూస్తూ ఉండమన్నాడు నన్ను. ఎందుకో వెంటనే అర్థమైంది, అర్థం కాకపోతే బాగుండేది. తెల్లటి మంచులో ఆకుపచ్చ కారు కోసం వెతుకుతూ కూర్చున్నాను. ఒకచోట ఆకుపచ్చగా ఏదో కనిపించింది. చెత్త డబ్బా. ఇంకొంచెం ముందుకెళ్లాక వెనకనుంచి అంబులెన్స్ సైరన్ వినిపించింది. వాల్ట్ పక్కకి తీసి ఆపాడు. అది మమ్మల్ని దాటి లైబ్రరీ వైపే వెళ్లింది. మాధవి నా మోచెయ్యి పట్టుకుంది. గోళ్లు దిగాయి. తర్వాతి సిగ్నల్ దగ్గర ఆ అంబులెన్స్ ఎడమకి తిరిగింది, లైబ్రరీ కుడివైపు. ఎవరికో ఏదో అయింది, మనకి కాదు అని ఊపిరి పీల్చుకున్నాను. ఆ ఊపిరికి సిగ్గుపడేంత తీరిక అప్పుడు లేదు.

ఆ లైబ్రరీ చూడని వాళ్ల కోసం చెబుతున్నాను. రోడ్డు ఎత్తులో ఉంటుంది. పార్కింగ్‌లోకి తిరగ్గానే పల్లంలోకి దిగుతుంది. ఆ పల్లం చివర పెద్ద గాజు తలుపులు. క్లాసు వేళకి తల్లులు, స్ట్రోలర్లు, పిల్లలు అక్కడే గుమిగూడి ఉంటారు. మేము వెళ్లేసరికి ఆకుపచ్చ కారు లేదు. ఇంకా రాలేదా, రాకుండా ఎక్కడో ఆగిపోయిందా, ఆగకుండా ఎక్కడికో పోయిందా.

వాల్ట్ ట్రక్కుని తీసుకెళ్లి పల్లం అడుగున, ఆ తలుపులకి అడ్డంగా పెట్టాడు. గోడలా. ఒక తల్లి ఇక్కడ ఆపకూడదని చెప్పబోయింది. పిల్లల్ని తీసుకుని లోపలికి వెళ్లమన్నాడు, గట్టిగా. నేను దిగి పార్కింగ్ మధ్యలో నిలబడ్డాను. పార్కింగ్‌కి ఓ పక్కన, మంచు ఎత్తే బండి వాడు తోసి పోసిన మంచు కుప్ప ఉంది, మనిషి ఎత్తున, రెండు కార్లంత పొడుగున. పైపైన పడిన కొత్త మంచు, మెత్తగా ఉంది. బూటుతో తన్ని చూశాను. కాలు మోకాలి దాకా దిగింది.

అప్పుడే ఆకుపచ్చ కారు మలుపు తిరిగింది.

నెమ్మదిగానే వస్తోంది. శ్రవంతి నన్ను చూసి నవ్వింది కూడా. ఆంటీ ఇక్కడున్నారేమిటా అనుకుని ఉంటుంది. పల్లం మొదట్లో బ్రేక్ తొక్కింది. కారు ముక్కు కొంచెం వంగి, మళ్లీ లేచి, ముందుకే వచ్చింది. ఆ పిల్ల ముఖంలో నవ్వు అలాగే ఉంది, కళ్లు మాత్రం కిందికి వెళ్లాయి, తన పాదం వైపు. అలా కిందికి చూసే డ్రైవర్ ముఖం నేను ఇంకెప్పుడూ చూడకూడదనుకుంటాను. ఒక గొట్టం పగిలినా కారుకి సగం బ్రేకులు ఉంటాయి. పొడి రోడ్డు మీద ఆ సగం సరిపోవచ్చు. పల్లంలో, మంచు మీద, సగం అంటే ఏమీ లేనట్టే. ఎదురుగా వాల్ట్ ట్రక్కు, ఇనప గోడ.

నేను రెండు చేతులూ మంచుకుప్ప వైపు ఊపాను. సైగ అర్థమవుతుందో లేదోనని గొంతు చించుకున్నాను.

"మంచులోకి పోనీ తల్లీ, మంచులోకి పోనీ."

ఒక్క క్షణం ఆమెకి అర్థం కాలేదు. ఆపడం నేర్పారు గానీ, కారుని తీసుకెళ్లి గుద్దడం ఎవరూ నేర్పరు కదా. తర్వాత స్టీరింగ్ తిప్పింది. కారు జారుతూ, పక్కకి ఒరుగుతూ నా ముందునుంచే పోయి, ముక్కుతో ఆ మంచుకుప్పలో దూరి ఆగిపోయింది. పెద్ద చప్పుడు కూడా రాలేదు. పిండి బస్తా కింద పడినట్టు, అంతే. పైనుంచి మంచు జారి బానెట్‌ని కప్పేసింది.

వెనక సీట్లోంచి ప్రణవ్ గొంతు వినిపించింది. "అగైన్ మమ్మీ, డూ ఇట్ అగైన్."

నల్లబొట్టు

తలుపు తీసేసరికి శ్రవంతి కాలు ఇంకా బ్రేక్ మీదే ఉంది. పెడల్ నేలకి అంటుకుపోయింది. "నేను తొక్కుతూనే ఉన్నా ఆంటీ, తొక్కుతూనే ఉన్నా," అంటోంది. కాలు తియ్యమంటే తియ్యలేకపోయింది. నేనే వంగి చీలమండ పట్టుకుని తీశాను.  

ఆమెని బయటికి దింపి నేను సీట్లో కూర్చున్నాను. నాకు తెలిసిన చోటే అది. అయినా ఒక పట్టాన కనిపించలేదు. కళ్లు దగ్గరగా పెడితే, నల్లటి అద్దం మీద నల్లటి చుక్క. దాని అంచు చుట్టూ వెంట్రుకవాసి ఎర్రటి గీత, గ్రహణం రోజున సూర్యుడి అంచులా. గోరు పెట్టి గీకాను. జిగురు ఎండి గట్టిపడింది. మూడోసారికి ఊడింది. ఎర్రలైటు కళ్లలో పొడిచినట్టు వెలిగింది.

శ్రవంతి నా భుజం మీంచి చూస్తోంది. "ఇది బల్బు పోయిందన్నారు కదా ఆంటీ."

నేను ఆ చుక్కని వేలి మీద పట్టుకుని కూర్చున్నాను. నా వృత్తిలో నాకు రాని పని ఒకటుందంటే, కారుకి ఏమైందో చెప్పడం కాదు, ఎవరి వల్ల అయిందో చెప్పడం. ఆ పని నాకు లేకుండా మాధవే చేసింది. ట్రక్కు దిగి వచ్చి మా వెనకే నిలబడి ఉంది, చెప్పుల్లోకి మంచు పోతున్నా పట్టించుకోకుండా.

"నేనే శ్రవంతీ. నేను పెట్టిన. భయమైతుందని పెట్టిన."

శ్రవంతి వెళ్లి వెనక తలుపు తీసి, బెల్టు విప్పి ప్రణవ్‌ని ఎత్తుకుంది. వాడి మెడ తడిమింది, మోచేతులు, మోకాళ్లు, ఒక్కొక్క వేలు. వాడు ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. వాడి టోపీ సర్దుతూ, తల ఎత్తకుండా అడిగింది.

"ఇంకా దేనికైనా పెట్టారా అక్కా?"

మాధవి కళ్లు మూసుకుంది. ఏడుస్తోందేమో అనుకున్నాను. కాదు, గుర్తు తెచ్చుకుంటోంది.

"ఇంకొకటి," అంది. "ఆ పక్కకు. మనిషి బొమ్మ, ముందట బుగ్గ లెక్క ఉంటది."

ఎయిర్‌బ్యాగ్ లైటు. నేను మళ్లీ డ్యాష్ వైపు తిరిగి గోరుతో అద్దం మీద వెతకడం మొదలుపెట్టాను. కుడి చివర దొరికింది. దాని కింద కూడా వెలుగుతూనే ఉంది.

ఆ కుప్ప బదులు అక్కడ గోడ ఉండి ఉంటే, ఆ స్టీరింగ్‌లోంచి ఏ బ్యాగూ బయటికి వచ్చేది కాదు, ఆ లైటు ఆరలేదంటే బ్యాగ్ పనిచెయ్యదని అర్థం. ఈ మాట నేను ఆ రోజు పైకి అనలేదు. వాల్ట్ వంగి ఆ రెండు లైట్లూ చూసి, లేచి, ట్రక్కు వెనక్కి తీసుకొచ్చి గొలుసు తగిలించడం మొదలుపెట్టాడు.

ఆ తర్వాత మనవాళ్ల పాత కారు ఎవరు తెచ్చినా, బానెట్ ఎత్తకముందే గోటితో మీటర్ల అద్దమంతా ఓసారి గీకి చూసేదాన్ని. కస్టమర్లు నవ్వేవాళ్లు, ఆంటీ కారుకి తలలో పేలు చూస్తోందని. నవ్వనిచ్చాను. రెండుసార్లు బొట్లు దొరికాయి. మీరూ చూడండి, గోళ్లు మరీ పొట్టిగా కత్తిరించుకోకండి.

శ్రవంతి మళ్లీ ఆ కారు ఎక్కలేదు. గొట్టాలన్నీ మార్చి, బ్యాగ్ వైరింగ్ బాగుచేసి, రెండు లైట్లూ వెలిగి ఆరడం నా కళ్లతో చూశాక కూడా ఎక్కలేదు. ఎక్కమని నేను బలవంతపెట్టలేదు. మాధవితో మాట్లాడటానికి మాత్రం కొన్ని నెలలు పట్టింది. గుళ్లో ప్రసాదం గిన్నెలు అందుకునేటప్పుడు ముందు కళ్లతో, తర్వాత మాటలతో.

మాధవి ఇప్పటికీ ప్రతి శనివారం గుడికి వస్తుంది. స్టిక్కర్ బొట్టుతో నేను తనని మళ్లీ చూడలేదు. కుంకుమే పెట్టుకుంటుంది, పొడిది, చెమట పడితే కారిపోయేది.